ఎర్ర గేటు దగ్గర సుబ్బులు

ఎర్ర గేటు దగ్గర ఏ మ్యాపూ పనిచేయదంటారు. పనిచేస్తే ఇంకా భయపడాలట.

మిషిగన్‌లో ఉత్తరాన, మా ఊరు ట్రాయ్ నుంచి సగం రోజు డ్రైవ్ చేస్తే వచ్చే అడవి అది. గేటు వెనక కూలిపోయిన ఇల్లు, ఇంటి వెనక బావి. ఎప్పుడో జింకల వేట సీజన్ మొదలైన రోజు పొద్దున్నే ఆ ఇంటాయన బావికి నీళ్ళకి వెళ్ళాడు. సీజన్‌లో అడవిలో తిరిగేవాళ్ళు ఆరెంజ్ కోటు వేసుకుంటారు, దూరం నుంచి మనిషని తెలియాలి కదా. పెరట్లోకేగా అనుకున్నాడేమో, ఆయన కోటు లోపల మేకుకే ఉండిపోయింది. పొదల్లో కదిలింది జింక అనుకుని ఎవరో కాల్చారు.

అప్పట్నుంచి చీకటి పడితే ఆయన బావి దగ్గర నిలబడతాడని, దారిన పోయేవాళ్ళని పిలుస్తాడని, పిలుపు విని వెళ్ళినవాళ్ళు... సరే, మిగతాది ఏ ఊళ్ళో అయినా చెప్పేదే.

ఈ కథ నాకు నా స్నేహితురాలు గౌరి చెప్పింది. మా వంటింట్లో నిలబడి, ఉల్లిపాయలు తరుగుతూ చెప్పింది. అబద్ధం చెప్పే ఓపిక లేని మనిషి.

గౌరికి ఒక గుర్రం ఉంది. పేరు సుబ్బులు. మనవాళ్ళలో గుర్రాన్ని పెంచే ఆడమనిషిని చూడటం నాకూ అదే మొదలు. అందరి నోళ్ళలోనూ పడింది పాపం. "ఈ వయసులో ఇదేం సరదా" అన్నవాళ్ళని ఒకసారి ఎక్కి చూడమంది. ఎవరూ ఎక్కలేదు. సుబ్బులుది గోధుమరంగు. సరిగ్గా జింక రంగు.

వాళ్ళాయన ఉమాకాంత్ స్నేహితుడు ఫణికి కొత్తగా వేట పిచ్చి పట్టింది. తుపాకి ఒక్క పూటలో కొన్నాడు. ఫోన్‌లో ఏ మ్యాప్ యాప్ పెట్టుకోవాలన్నదానికి మాత్రం గౌరితో వేసవంతా వాదించాడు. ఫ్రీగా వచ్చేది చాలన్నాడు, అందులో ఫొటోలు బాగుంటాయన్నాడు.

"నాకు ఫొటోలెందుకు ఫణీ?" అంది గౌరి. "సిగ్నల్ లేనిచోట కూడా మ్యాప్ తెరుచుకోవాలి. ఏది గవర్నమెంట్ అడవో, ఏది ఎవరి సొంత స్థలమో గీత గీసి చూపించాలి. గుర్రం మీద పోయేదాన్ని, తుపాకి ఉన్నవాడి పెరట్లోకి పోతే ఎలా?"

తనకి కావలసింది తనే కొనుక్కుంది. ఇక మనవాళ్ళ సంగతి తెలిసిందేగా. ఒకళ్ళు కొంటే నాలుగిళ్ళు వాడతాయి. ఆ సాయంత్రానికే పాస్‌వర్డ్ వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళిపోయింది. ఎవరి ఫోన్‌లో తెరిచినా పేరు గౌరి అనే.

సీజన్ మొదలవడానికి ముందు రోజు గౌరి, ఉమాకాంత్ సుబ్బులుని ట్రైలర్‌లో ఎక్కించుకుని ఆ అడవికి వెళ్ళారు. నవంబర్‌లో అక్కడ టీ వేళకే చీకటి. గౌరి రైడ్ ముగించుకుని వస్తుండగా ఎవడో మర్నాటి కోసం తుపాకి సరిచూసుకుంటూ ఒకటి పేల్చాడు.

సుబ్బులు ముందుకాళ్ళెత్తింది. గౌరి కింద పడింది. లేచి చూసేసరికి గుర్రం లేదు... డెక్కల చప్పుడు కూడా లేదు.

తెల్లారితే వేట. జింక రంగు గుర్రం, ఒంటరిగా, పొదల్లో.

"రేంజర్‌కి కాల్ చేశాను గౌరీ. పొద్దున్నే వెతుకుదామన్నారు," అన్నాడు ఉమాకాంత్ ట్రక్కు పక్కన నిలబడి.

"పొద్దున్నే కాలుస్తారు."

"అటువైపు ఎర్ర గేటు ఉంది..."

"ఉండనీ. దెయ్యం తుపాకి పట్టుకోదు ఉమా."

ఫోన్ తీసి మ్యాప్ తెరిచింది. రోడ్డు పక్కన కాబట్టి సిగ్నల్ కాస్త ఉంది. తను నిలబడ్డ చోట నీలం చుక్క కనపడింది. ఇంకా కిందికి జరిపి చూసింది...

అడవి మధ్యలో ఇంకో గీత. ఇప్పుడే, ఎవరో నడుస్తున్నట్టు, కొద్దికొద్దిగా పెరుగుతోంది. ఎర్ర గేటు దాటింది. కూలిన ఇంటి చుట్టూ తిరిగింది. బావి దగ్గర ఆగింది.

గీత పక్కన పేరుంది. గౌరి.

"ఉమా," అంది మెల్లగా. "నేనెక్కడున్నాను?"

"ఇక్కడే... నా పక్కన."

"మరి అక్కడున్నదెవరు?"

ఉమాకాంత్ చూశాడు. ఆ స్థలం ఎవరిదో చూపించే గడి నొక్కాడు. చుట్టుపక్కల అన్ని స్థలాలకీ సొంతదారు పేరుంది. దానికి మాత్రం ఖాళీ.

"వెళ్ళొద్దు గౌరీ. దండం పెడతాను."

గౌరికీ భయం వేసిందట. ఆ భయం చూసి తన మీద తనకే ఒళ్ళు మండిందట. నా గుర్రం చస్తుంటే నేను ట్రక్కులో హీటర్ వేసుకుని కూర్చుంటానా అనుకుని టార్చ్ తీసుకుని నడిచింది. ఉమాకాంత్ తిట్టుకుంటూ వెనకే వెళ్ళాడు. మంచివాడే.

కొంచెం లోపలికి పోగానే సిగ్నల్ పోయింది. ఉమాకాంత్ ఫోన్‌లోని ఫ్రీ మ్యాప్ తెల్లకాగితం అయిపోయింది. గౌరిది మాత్రం ముందే దింపుకున్నది కాబట్టి అలాగే ఉంది, ఆగిన గీతతో సహా.

గేటుకి గొలుసు, తాళం. కంచె కూలినచోటు దాకా చుట్టి పోయే ఓపిక లేక ఎక్కి దూకింది.

అప్పుడు వినిపించింది. ఇంటి వెనక నుంచి... సన్నగా... ఒక ఆడగొంతు. ఇంగ్లీషులో.

"మీరు దారి తప్పారు..."

ఇద్దరూ ఆగిపోయారు.

"మగాయన కదా చచ్చిపోయింది... ఆడగొంతేంటి?" అని గుసగుసలాడాడు ఉమాకాంత్.

"మీరు దారి తప్పారు... వెనక్కి తిరగండి..."

గౌరికి ఎక్కడలేని కోపం వచ్చింది. "తిరగను," అంది గట్టిగా, తెలుగులోనే. "నా గుర్రం కోసం వచ్చాను. తీసుకునే పోతాను. నువ్వెవరైనా సరే, పక్కకి జరుగు."

చీకట్లో ఎవరో బుస్సుమన్నారు... తర్వాత, తెలిసిన సకిలింపు.

బావి పక్కన సుబ్బులు నిలబడి ఉంది. జీనుకి తగిలించిన సంచిలోంచి వెలుగు. లోపల ఫోన్. ఆ ఫోన్‌లో గౌరి యాప్, గౌరి పేరు, దారి తప్పినప్పుడల్లా హెచ్చరించే ఆడగొంతు.

రోడ్డెక్కాక ఫణికి కాల్ చేస్తే నసిగాడు. "నా పాత ఫోన్ వదినా. అందులో సిమ్ వేరే కంపెనీది, అడవిలో కూడా కాస్త సిగ్నల్ అందుతుంది. మీ యాప్ అడవిలో నిజంగా పనిచేస్తుందో లేదో చూద్దామని, మీరు బయల్దేరేముందు నేనే సంచిలో పెట్టాను. చెప్తే నవ్వుతారని..."

ఇక్కడికి వచ్చేసరికి నేను పడీపడీ నవ్వాను. "ఇంతేనా! ఫణి చేసిన పనికి దెయ్యాన్ని అన్నారా?"

గౌరి నవ్వలేదు. కత్తి పక్కన పెట్టింది.

"సుబ్బులు కోసం కొన్న ఆరెంజ్ కవరు ట్రైలర్‌లోనే ఉంది. సీజన్ మర్నాడు కదా, వెయ్యలేదు," అంది. "టార్చ్ వేసి చూస్తే దాని వీపు మీద ఆరెంజ్ కోటు ఉంది. మగవాళ్ళది, పాతది, రంగు వెలిసింది. జారిపోకుండా పొట్ట కిందనుంచి తాడు పోసి ముడేశారు. పగ్గం బావి స్తంభానికి కట్టేసి ఉంది."

"ఎవరైనా వేటగాడు..." అన్నాను.

"అయ్యుండొచ్చు. ఇంట్లోకి వెళ్ళి చూశాను. గోడకి మేకు ఉంది. ఖాళీగా."

ఆ కోటు అక్కడే పారెయ్యమని ఉమాకాంత్ బతిమాలాడట. గౌరి ఇంటికి తెచ్చి, మెషిన్‌లో వేసి ఉతికి, ఊడిన గుండీ కుట్టి, వారం తిరక్కుండానే మళ్ళీ వెళ్ళి ఎర్ర గేటుకి తగిలించి వచ్చింది. ఫణి ఆ మ్యాపే తీసెయ్యమన్నాడు. తియ్యలేదు. ఇంకో ఏడాదికి డబ్బు కట్టింది.

"మొన్న సీజన్ ముందు మళ్ళీ వెళ్ళాను," అంది గౌరి. "గేటుకి కోటు లేదు."

"ఎవరు తీసుకున్నారు?"

గౌరి మళ్ళీ కత్తి అందుకుంది.

"ఎవరిదో వాళ్ళే," అంది. "వేసుకోనీ. ఈసారి జింక అనుకోరు."