గుర్రపు డెక్క తగాదా

"ఇవి మీ దగ్గర ఎన్ని ఉన్నాయి?"

మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, వాటి నిండా బురద, నెత్తిన వెడల్పాటి టోపీ. ఆ వేషంలో ఒక అమ్మాయి నర్సరీలోకి వచ్చి, ఊదారంగు పూలు విరగబూసిన నీటితొట్ల ముందు నిలబడి అడిగింది.

నర్సరీ నడిపే యువకుడి ముఖం వెలిగిపోయింది. పొద్దున్నే మంచి బేరం తగిలిందనుకున్నాడు.

"ఇరవై రెండు తొట్లు మేడమ్. ఎన్ని పంపించమంటారు?"

"అన్నీ."

"అన్నీనా! ఇంట్లో ఏదైనా ఫంక్షనా మేడమ్?"

"ఫంక్షన్ వీటికే. అన్నీ పీకి, ఎండబెట్టి, తగలబెట్టండి. ఇంకెప్పుడూ అమ్మకండి."

అతని చేతిలోని నీళ్ల పైపు కిందికి వాలిపోయింది. ఆ ధారకి ఆమె బూట్లు కాస్త శుభ్రపడ్డాయి కూడా.

"మొక్కలంటే నాకు ప్రాణం మేడమ్. ఇంత అందమైన పూలని పట్టుకుని..."

"ఆ అందంతోనే మోసపోయారు అందరూ. ఇది గుర్రపు డెక్క. ఎక్కడో పరాయి ఖండంలో పుట్టిన మొక్క. పూలు బాగున్నాయని జనం తెచ్చి పెట్టుకున్నారు. ఒక్కటి నీళ్లలో పడితే రెండు వారాల్లో రెండవుతుంది, ఇంకో రెండు వారాలకి నాలుగు. మన ఊరి చెరువు చూశారా? సగం దుప్పటి కప్పేసినట్టుంది. కింద చేపలకి గాలాడదు. చేపల్లేకపోతే నీటికుక్కలు ఏం తింటాయి, మీ పూలా?"

"నీటికుక్కలా? మన చెరువులోనా?"

"ఉండేవి. ఇప్పుడున్నాయో లేదో తేల్చడమే నా పని."

ఆమె వన్యప్రాణుల మీద పరిశోధన చేస్తోంది. బయటినుంచి వచ్చిన మొక్కలు చోటంతా ఆక్రమిస్తే, అక్కడే పుట్టి పెరిగిన జంతువులు ఏమైపోతాయన్నది ఆమె చదువు.

"ఎవడో మహానుభావుడు పెంచుకుని చెరువులోకి వదిలాడు. దొరకాలి గానీ..." అని పళ్లు నూరింది.

మహానుభావుడు గుటక మింగాడు.

రెండేళ్ల కిందట పెద్దవానకి నర్సరీ వెనకున్న నీటికుండీ గోడ కూలిపోయింది. అందులోని మొక్కలన్నీ పూలతో సహా కాలవలో పడి, తేలుకుంటూ చెరువు దారి పట్టాయి. అతను గొడుగు వేసుకుని నిలబడి చూస్తూ, 'పోన్లే, చెరువుకీ కాస్త కళ వస్తుంది' అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు!

ఇంతలో లోపలినుంచి అతని తల్లి వచ్చింది. అమ్మాయి మెడలోని కార్డు మీద 'డాక్టర్' అన్న మాట కళ్లబడగానే చీర కుచ్చిళ్లు కాస్త పైకెత్తి, "ఈ మోకాలు ఒకసారి చూడు తల్లీ, మెట్లెక్కితే చాలు ప్రాణం తీస్తోంది" అంది.

"నేను నాలుగు కాళ్లవాళ్లనే చూస్తానండీ," అంది ఆమె ఇబ్బందిగా.

తల్లి పడీపడీ నవ్వింది. ఆ అమ్మాయి వెళ్లాక కొడుకుతో, "చెప్పినట్టు చెయ్యరా. ఈ పిల్ల మాట కరుకే గానీ అబద్ధమాడే రకం కాదు," అంది.

ఆ సాయంత్రానికల్లా ఇరవై రెండు తొట్లూ ఖాళీ అయ్యాయి.

మర్నాడు పొద్దున్నే అతను పొడుగు కర్రకి ఇనుప పళ్లున్న దంతెని భుజాన వేసుకుని చెరువు దగ్గరికి వెళ్లాడు. ఆమె గట్టున గొంతుక్కూర్చుని, చిన్న డబ్బాలోకి ముక్కు పెట్టి చూస్తోంది.

"రండి, వాసన చూడండి."

అతను నమ్మకంగా గుండె నిండా పీల్చాడు.

"చేప వాసన. మధ్యాహ్నం భోజనమా?"

"నీటికుక్క పెంట."

అతనికి దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

"ఇదిగో, చేప పొలుసులు, పీత పెంకులు. కానీ ఇది పాతది. తాజాది దొరకాలి," అంది ఆమె దిగులుగా.

"తాజా కూరగాయలు ఏరుకోవడమే తెలుసు నాకు. తాజా పెంట ఎలా ఉంటుందో మీరే నేర్పాలి."

ఆమె నవ్వింది. పొద్దుటి ఎండలో, ముక్కు మీద బురద చుక్కతో ఆ నవ్వు చూశాక అతనికి పెంట వెతకడం ప్రపంచంలోకెల్లా గొప్ప ఉద్యోగంలా కనిపించింది.

ఇక రోజూ అదే వరస. అతను దంతెతో ఆకు లాగుతాడు, ఆమె కొలతలు రాసుకుంటుంది. ఓ రోజు హఠాత్తుగా వాన అందుకుంది. అతను పరుగున వెళ్లి గొడుగు పట్టాడు.

"నాకు కాదండీ! డబ్బాలకి పట్టండి!"

ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. డబ్బాలు పొడిపొడిగా, రాజావారిలా గొడుగు కింద కూర్చున్నాయి. టోపీ అంచునుంచి జారే చినుకుల వెనక ఆమె కళ్లు ఒకసారి అతని మీద ఆగి, పట్టుబడ్డట్టు చెరువు వైపు తిరిగిపోయాయి. వాన ఇంకో గంట కురిస్తే బాగుండుననుకున్నాడు. పది నిమిషాల్లో వెలిసింది.

నెల గడిచింది. ఒక మధ్యాహ్నం ఆమె ముఖం వేలాడేసుకుని గట్టున కూర్చుంది.

"శుక్రవారం చెరువంతా కలుపు మందు కొడతారట. మునిసిపల్ ఆఫీసులో గంటసేపు బతిమాలాను. 'ఒక్క నీటికుక్కని చూపించమ్మా, ఆపేస్తాను' అన్నాడు ఆఫీసరు. ఎక్కడినుంచి చూపించను? మందు కొడితే ఈ ఆకంతా ఒక్కసారిగా నీళ్లలో కుళ్లుతుంది. మిగిలిన నాలుగు చేపలూ పోతాయి. అదిగో, అవతలి గట్టున ఆ రెల్లుపొదల్లో ఉంటే గింటే ఉండాలి. కానీ ఈ ఆకు దాటి బయటికి రావడానికి వాటికి దారేది?"

అతను ఇక ఉండబట్టలేకపోయాడు.

"మీకో మాట చెప్పాలి. చాలా రోజులుగా గుండెల్లో దాచుకున్నాను."

ఆమె చటుక్కున తలెత్తింది. టోపీ తీసి, జుట్టు సర్దుకుంది.

"చెప్పండి," అంది నేల చూపులు చూస్తూ.

"ఆ మహానుభావుణ్ణి నేనే."

"ఏ మహానుభావుడు?"

అతను గోడ సంగతీ, వాన సంగతీ, గొడుగు సంగతీ, ఆఖరికి 'కళ వస్తుంది' అనుకున్న సంగతీ ఒక్కటి కూడా వదలకుండా చెప్పేశాడు. ఆమె టోపీ మళ్లీ పెట్టుకుంది.

"నెల రోజులుగా నా పక్కనే కూర్చుని... నేను వాణ్ణి తిట్టినప్పుడల్లా మీరూ తిట్టారు!"

"మీకన్నా ఎక్కువే తిట్టానండీ. నిజం తెలుసు కాబట్టి."

"వెళ్లిపోండి."

ఇంటికొచ్చిన కొడుకు వాలకం చూసి తల్లికి అంతా అర్థమైంది.

"చెప్పేశావా?"

"చెప్పేశాను."

"గోడ మాటా? మనసులో మాటా?"

"గోడ మాట."

"ఓరి పిచ్చి సన్నాసీ! సరే, తప్పు చెప్పుకుంటే అయిపోయిందా? వెళ్లి సరిదిద్దుకో. చేతులున్నాయిగా."

మర్నాడు బుధవారం. అతను అవతలి గట్టుకి వెళ్లి నడుం లోతు నీళ్లలో దిగాడు. రెల్లుపొదల దగ్గరినుంచి మొదలుపెట్టి, నీళ్లు తేటగా ఉన్న చోటు దాకా ఒక దారి తీయాలి. పొద్దంతా లాగాడు. గురువారం కూడా అంతే. అరచేతులు బొబ్బలెక్కాయి. సాయంత్రానికి మనిషి వెడల్పున సన్నటి నీటి బాట తేలింది.

శుక్రవారం పొద్దున పది దాటింది. మందు చల్లే యంత్రాల మోత కోసం అతను చెవులు రిక్కించి కూర్చున్నాడు. మోత వినపడలేదు. ఆమె మాత్రం లాప్‌టాప్ గుండెకి హత్తుకుని, రొప్పుతూ నర్సరీలోకి దూసుకొచ్చింది.

"చూడండి!"

తెర మీద తెల్లవారుజాము మసక వెలుగు. అతను తీసిన నీటి బాటలో ఒక నీటికుక్క తల పైకి తేలింది. దాని వెనకాల ఒకటి, రెండు, మూడు పిల్లలు! వరసగా ఈదుకుంటూ వెళ్లిపోయాయి.

అతను ఎగిరి గంతేశాడు. "ఎలా దొరికింది?"

"మంగళవారం సాయంత్రం ఆ గట్టు మీద చెట్టుకి కెమెరా కట్టాను. ఎదురుగా ఏది కదిలినా దానంతటదే వీడియో తీస్తుంది. ఆఫీసరు నాలుగుసార్లు వేయించుకుని చూశాడు. మందు మాట మానేశారు. మనుషుల్ని పెట్టి చేత్తోనే తీయిస్తారట."

"అమ్మయ్య!"

"అయితే కెమెరా కార్డులో మొత్తం అరవై ఒక్క వీడియోలున్నాయి," అంది ఆమె, నవ్వు ఆపుకుంటూ. "ఒకటి వాటిది. అరవై మీవి."

ఒంటరిగా ఉన్నప్పుడు మొక్కలతో మాట్లాడడం అతనికి అలవాటు.

ఆమె ఇంకో వీడియో నొక్కింది. తెర మీద అతనే. తల మీద ఆకులు, చెంపల మీద బురద, చేతిలో గుర్రపు డెక్క మొక్క. దాని ముఖంలోకి చూస్తూ అంటున్నాడు: "నీవల్లే వచ్చింది, నీవల్లే పోయింది. నీకేం, రెండు వారాల్లో రెండవుతావు. నేను జన్మంతా ఒక్కణ్ణే మిగిలేట్టున్నాను. ఆవిడంటే నాకు ప్రాణమని ఇప్పుడెవరితో చెప్పుకోను? నీతోనా?"

అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"కలుపు మొక్కకి చెప్పిన మాట నాకు చెప్పడానికేం?" అంది ఆమె మెల్లగా.

"మీరు కోపంగా ఉన్నారు కదా."

"ఇంకా ఉన్నాను. సగం చెరువంత."

"తీసేస్తాను. ఎన్నాళ్లు పట్టినా, చేత్తోనే." ముఖం మీదినుంచి చేతులు తీశాడు. "మీరంటే నాకు ప్రాణమండీ."

ఆమె అతని అరచేతుల్లోని బొబ్బల్ని చూసింది. కళ్లు తడయ్యాయి.

"నాక్కూడా. మొన్న టోపీ తీసింది ఆ మాట వినడానికే. మీరేమో గోడ గురించి మొదలుపెట్టారు!"

కుండీల చాటునుంచి తల్లి గొంతు వినిపించింది. "అమ్మాయ్, మీ అమ్మగారి నంబరు ఇవ్వు తల్లీ. పెద్దవాళ్లం మాట్లాడుకుంటాం. వీడిని మాట్లాడనిస్తే ఇంకో రెండేళ్లు పడుతుంది."

ఆమె సిగ్గుపడుతూనే నంబరు చెప్పింది. అటునుంచి ఆ తల్లి, "జంతువుల్ని తప్ప మనుషుల్ని చూడదనుకున్నానండీ," అని ఎంత గట్టిగా సంబరపడిందంటే, ఫోను చెవికి ఆమడ దూరంలో పెట్టుకోవాల్సి వచ్చింది.

ఆదివారం పొద్దున ఇద్దరూ అవతలి గట్టున రెల్లు చాటున కూర్చున్నారు. చాలాసేపటికి నీళ్లు కదిలాయి. బుల్లి తల ఒకటి బయటికి వచ్చి, మీసాలు విదిలించి, వాళ్లకేసి వింతగా చూసింది.

"టైమ్ రాసుకోవాలి కదండీ?" అని గుసగుసలాడాడు అతను.

ఆమె అతని చేయి గట్టిగా పట్టుకుంది.

"ష్... ఆగు. నువ్వు కూడా చూడు."

అతను చూశాడు. కానీ నీటికుక్కపిల్లని కాదు. నెల రోజులుగా 'మీరు', 'మీరు' అంటూ వచ్చిన మనిషి నోట మొదటిసారి 'నువ్వు' అన్న మాట విని, ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.