ఒంటిగంట బ్యాకప్

"ఉద్యోగం పోతే పోయిందండీ. ద్రోహం చేశానన్న పేరు మాత్రం నేను భరించలేను."

ఆ మాట అంటూనే వచ్చినావిడ కుర్చీలో కూలబడింది. కృత్రిమ కాళ్లు, చేతులు తయారుచేసే వర్క్‌షాపులో ఆమె రికార్డుల క్లర్కు. ఎదురుగా ఉన్న ప్రైవేటు డిటెక్టివ్‌కి, కంగారుపడే ప్రతివాళ్లతోనూ "నిదానం" అని అనీ అనీ, ఆ పేరే స్థిరపడిపోయింది. పక్కన నోటుపుస్తకం పట్టుకున్నది ఆయన మేనకోడలు, సహాయకురాలు. మావయ్య తుమ్మినా అందులో ఏదో సూచన ఉందని నమ్మే మనిషి.

"నిదానం. మొదట్నుంచి చెప్పమ్మా" అన్నాడు నిదానంగారు మంచినీళ్లు అందిస్తూ.

"మా దగ్గరకొచ్చేవాళ్ల కొలతలన్నీ నా ల్యాప్‌టాప్‌లో ఉంటాయండీ. రోజూ ఒంటిగంటకి, మేం భోజనాలకి లేచాక, వాటి బ్యాకప్ దానంతటదే పక్కనున్న డిస్కులోకి వెళ్తుంది. నలభై నిమిషాల పని. నెల కిందట కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేశారు. అప్పట్నుంచి సాయంత్రం దాకా నత్తనడకే, ఒక్కరోజూ పూర్తవలేదు. కంప్యూటర్ మెకానిక్‌కి చెబితే కొత్తలో అంతే అన్నాడు. మొన్న ల్యాప్‌టాప్ మొరాయించి, ఈ నెలలో కొత్తగా వచ్చిన పదకొండుమంది కొలతలు పోయాయి. డిస్కులోనూ లేవు."

"నీ మీదే అనుమానం ఎందుకు?"

"పాస్‌వర్డ్ నాకొక్కదానికే తెలుసు. పైగా వేరేచోట ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నానని మా ఓనరు మేడంకి తెలిసింది. పోతూ పోతూ పగ తీర్చుకుంటున్నానట! రేపు సాయంత్రంలోగా నిజం తేలకపోతే మానెయ్యమన్నారు." ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది.

మర్నాడు సరిగ్గా రెండింటికి ఇద్దరూ వర్క్‌షాపులో ఉన్నారు. క్లర్కు భోజనం చేసి అప్పుడే మేడ దిగి వచ్చింది. ఆమె కుర్చీ మీదా, బల్ల మీదా ప్లాస్టర్ దుమ్ము తెల్లగా పరుచుకుని ఉంది. తెరిచి ఉన్న ల్యాప్‌టాప్ మీటల మీద మాత్రం రవ్వంత దుమ్ము లేదు. నిదానంగారు వంగి మూత వెనకవైపు చూశాడు. అక్కడ తెల్లటి బొటనవేలి ముద్ర ఒకటి ఉంది.

క్లర్కు పాస్‌వర్డ్ కొట్టింది.

"పొద్దున కొట్టావుగా?"

"భోజనం చేసొచ్చేసరికి మళ్లీ అడుగుతోందండీ. కొత్త సిస్టమ్ పద్ధతి కాబోలు."

పిలిపించిన మెకానిక్ ప్రశ్నలు వినకముందే చేతులు కట్టుకున్నాడు. "నా పనిలో వంక లేదు సార్. వైరస్ లేదు, డిస్కు బాగుంది. ఎవరూ ముట్టుకోకపోయినా నిద్రలోకి జారకుండా కూడా పెట్టాను."

"మరి పాత సెట్టింగులు?"

"కొన్ని మొదటికొచ్చాయి సార్. నాకు గుర్తున్నవి మళ్లీ పెట్టాను."

మేనకోడలు బ్యాకప్ చిట్టా చదివింది. "రోజూ ఒంటిగంటకి మొదలు, అయిదు నిమిషాలకి ఆగుతోంది. రెండింటికి అయిదు నిమిషాలుందనగా మళ్లీ మొదలు. మధ్యలో ఆగినందుకు మొదట్నుంచీ అన్నీ సరిచూసుకుంటూ సాయంత్రానికీ పూర్తవడం లేదు మావయ్యా."

"ఆ టైములో ఆవిడెక్కడ?"

"నాతోనే, మేడమీద. ఇక్కడ ప్లాస్టర్ అచ్చులు పోసే పెద్దాయన ఒక్కడే ఉంటాడు" అంది యజమానురాలు అయిష్టంగా.

అందరూ బాబాయ్ అని పిలిచే ఆ పెద్దాయన తెల్లబడ్డ చేతులు తుడుచుకున్నాడు. "ఎండిన అచ్చులు అప్పుడే గీకుతాను బాబూ. అందరూ ఉంటే దగ్గులు. ఆ మిషన్ మీటలు నేనెప్పుడూ నొక్కలేదు."

నిదానంగారు నలుగురినీ బల్ల చుట్టూ నిలబెట్టాడు. బ్యాకప్ నడుస్తోంది, డిస్కు మీద నీలం దీపం మిణుకుతోంది. ఆయన ల్యాప్‌టాప్ మూత మూశాడు. కాసేపటికి దీపం ఆగిపోయింది. మూత తెరిస్తే తెర పాస్‌వర్డ్ అడిగింది.

"మూత మూసినా పనిచెయ్యాలన్న సెట్టింగు మునుపు ఉండేది. సిస్టమ్ మారగానే అది పోయింది. ఇప్పుడు మూస్తే ఇది నిద్రపోతుంది. పాస్‌వర్డ్ తెలియనివాళ్లయినా దీన్ని ఆపగలరు" అన్నాడాయన. "మూసిందెవరో నేను చెప్పను. ఎందుకో చెప్తాను. బల్లంతా దుమ్మున్నా మీటలు శుభ్రంగా ఉన్నాయి. మూసినవాళ్లు దీన్ని కాపాడుతున్నారు."

మేనకోడలు రాయడం మర్చిపోయి మావయ్య వంకే చూస్తూ ఉండిపోయింది.

"నేనే బాబూ." పెద్దాయన ముందుకొచ్చాడు. "రెండేళ్ల కిందట దుమ్ముపడి మీటలు బిగుసుకుపోతే, ఈ పిల్లని అందరి ముందూ నానా మాటలూ అన్నారు. మళ్లీ మాట పడకూడదని అప్పట్నుంచీ మూత మూస్తున్నాను. వచ్చేలోగా తెరిచేస్తాను. చివరికి నా చేతులతోనే ఈ పిల్ల మీదికి నింద తెచ్చానా!"

యజమానురాలు క్లర్కు వైపు తిరిగింది. "అప్పుడు తిట్టిందీ నేనే, ఇప్పుడు నింద వేసిందీ నేనే. అందరి ముందూ అడుగుతున్నాను, నన్ను క్షమించమ్మా. నువ్వు ఎక్కడికి వెళ్లినా ఇక్కణ్ణుంచి మంచిపేరుతోనే వెళ్తావు."

క్లర్కు ఆ మాటలు విన్నదో లేదో. వెళ్లి పెద్దాయన చేతులు పట్టుకుంది. "నాతో ఒక్క మాట చెప్పకపోయావా, బాబాయ్?"

"చెబితే తిండి మానేసి, ఆ దుమ్ములో దీనికి నువ్వే కాపలా కూర్చునేదానివి తల్లీ."