చేయి తిప్పి పోసిన వైన్

ఇటలీలోని బరోలో కొండల్లో ద్రాక్ష కోతలు ముగిసిన మర్నాడు, వైన్ చేసే క్రవేరో వారి నేలమాళిగలో శవం దొరికింది. వడ్డించే జెనీసియో గొంతు ఇటు చెవి నుంచి అటు చెవి దాకా తెగిపోయి ఉంది. ఒంటిమీద యూనిఫాం కోటు లేదు.

ఏజెంట్ తాజియో ఆ ఇంటి కొడుకే. వెంటనే రోమ్‌లోని తన గూఢచారి శాఖకి ఫోన్ చేశాడు.

"కోడ్?"

"పాత పీపా."

"విను," అన్నాడు చీఫ్. "ఇవాళ మీ నాన్న ఇంటికి భోజనానికి వస్తున్న డాక్టర్ హోలుబ్ అవతలి దేశం నుంచి పారిపోయి వచ్చిన సైంటిస్టు. మనలో దూరిన గూఢచారుల పేర్లు చెప్తానంటున్నాడు. భోజనంలోనే అతన్ని లేపేస్తారు. నీకు తోడు లుడోవికా ఉంది."

లుడోవికా! అల్బా దగ్గర వైన్ చేసే కుటుంబంలో పుట్టానని చెప్పిన అందగత్తె, ఏజెంట్. తాజియో ఆమెను పెళ్ళాడతానని ఇంట్లో చెప్పేశాడు కూడా.

అతను నేలమాళిగలోకి దిగీ దిగగానే మెడకు తీగ బిగిసింది. వెనక జెనీసియో కోటు తొడుక్కున్న దున్నపోతొకడు. తాజియో చేతికి అందిన చెక్క సుత్తితో వాడి మోకాలు చితక్కొట్టాడు, ఇంకో దెబ్బకి ముక్కు పగిలింది. జుట్టు పట్టి, తొట్టిలో పులుస్తున్న కొత్త వైన్‌లో ముఖం ముంచాడు.

"ఎవడు పంపాడ్రా? చెప్పు!"

వాడు పంటి కింద దాచిన విషపు గుళిక కొరికి, నురగలు కక్కి చచ్చాడు. పీడ విరగడైందనుకున్నాడు తాజియో.

పైన భోజనాల బల్ల దగ్గర లుడోవికా అతని చెంపమీది రక్తం రుమాలుతో తుడిచింది. "నువ్వు కూర్చో, నేను పోస్తాలే," అని సీసా అందుకుంది. ముందు ఇంటాయన, తాజియో తండ్రి ఎవాజియో గ్లాసులో పోసింది. తర్వాత హోలుబ్ గ్లాసులో పోసేటప్పుడు చేయి వెల్లకిలా తిప్పింది. అరచెయ్యి పైకి, ఉంగరం కిందికి.

ముసలి ఎవాజియో ముఖం నల్లబడింది. "ఆగమ్మాయ్! అలా ద్రోహులు పోస్తారు. మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదా?"

పూర్వం ఉంగరంలో విషం దాచినవాళ్ళు అలా పోసేవారట. ఇటలీలో వైన్ చేసే ఇంట్లో పసిపిల్ల కూడా అలా పోయదు. ఈమె వైన్ చేసే ఇంట్లో పుట్టలేదని, అవతలి దేశపు గూఢచారి అని తాజియోకి అప్పుడు అర్థమైంది. గుండె మండిపోయింది.

హోలుబ్ గ్లాసు పెదవికి తాకింది. తాజియో పిస్తోలు పేలింది. గ్లాసు ముక్కలైంది, దానితో పాటు డాక్టర్ వేలొకటి ఎగిరిపోయింది.

లుడోవికా రవికలోంచి చిన్న రివాల్వర్ లాగి, తాజియో భుజంలో గుండు దించింది. అతని పిస్తోలు జారిపోయింది.

"సారీ డార్లింగ్," అంటూ గుండెకు గురిపెట్టింది.

వెనక అలమరలోంచి ఎవాజియో ఒక సీసా లాగి ఆమె నడినెత్తిన బద్దలుకొట్టాడు. పుర్రె పగిలిన చప్పుడైంది. నేలమీద ఏది రక్తమో ఏది వైనో తెలియలేదు. ఆమె మళ్ళీ కదల్లేదు.

చేతిలో మిగిలిన సీసా మెడకున్న చీటీ చూసి ముసలాయన ఘొల్లుమన్నాడు.

"ఒరే! నువ్వు పుట్టిన ఏటి వైన్‌రా ఇది! నీ పెళ్ళికని దాచానురా!"

తాజియో భుజం అదిమి పట్టుకుని కింద పడున్న లుడోవికా వంక చూశాడు.

"పెళ్ళికూతురికే పోశావుగా నాన్నా!"