పోగు తప్పిన చోట

“ఏమప్పా, నా చీరలో తప్పుండాదని గిరాకీకి వేలు పెట్టి చూపించినావంటనే?”

చీరల మూటను దబ్బున కౌంటరు మీద పడేసింది కదిరమ్మ. నాయన కీళ్లనొప్పులతో మగ్గం గుంతలోకి దిగలేకపోయినప్పటి నుంచి ధర్మవరంలో ఆమే నేస్తోంది. ప్రతి గురువారం అనంతపురం బస్సెక్కి ఆమే ఈ దుకాణానికి చీరలు తెస్తోంది.

కౌంటరు వెనక గుమాస్తా రత్నం మూటను పక్కకు జరిపాడు. గురువారం కోసం బుధవారం నుంచే తల దువ్వుకునే మనిషి.

“కుచ్చిళ్ల కాడ ఒక పోగు తప్పింది. బాగుండాదా అని ఆయమ్మ అడిగింది. నన్నేం చెప్పమంటావు?”

“బాగుండాదని చెప్పాల! కుచ్చిళ్లలో పోయేదాన్ని ఎవరు చూస్తారు?”

“బైబిల్లో ఒక మాటుండాది. అవునంటే అవును, కాదంటే కాదు, అంతే. మా నాయన చిన్నప్పుడే నేర్పించినాడు.”

“నేసేవాళ్ల కడుపు సంగతి దాంట్లో రాసిండాదా?”

ఆమె కళ్లల్లో నీళ్లు చూడగానే రత్నానికి ఉన్న కాస్త తెలివీ పోయింది. లోపలి నుంచి యజమాని శ్రీరంగప్ప కేకేశాడు.

“ఇంకోసారి తప్పులు చూపిస్తే పనిలోంచి తీసేస్తా రత్నం! పోయి చర్చిలో చెప్పుకో.”

ఆ వారమంతా రత్నం కలలోనే నడిచాడు. ఏ చీర మడత విప్పినా ఆమె వేళ్లే కనిపించేవి. ఆమెకు చెప్పాల్సిన మాటలన్నీ కలిపి పెద్ద ఉపన్యాసమే తయారుచేసుకున్నాడు. పంతొమ్మిది వందల ఎనభయ్యో సంవత్సరం అది. మబ్బు రోజూ వచ్చి వానకు అవునని, సాయంత్రానికి కాదని వెళ్లిపోయేది. అనంతపురం మబ్బుకు బైబిలు ఎవరు నేర్పాలి!

గురువారం కదిరమ్మ వచ్చి ముఖం తిప్పుకుని కూర్చుంది. అప్పుడే కూతురి పెళ్లికని వచ్చిన ఒకావిడ కదిరమ్మ మూటలోంచి మామిడిపండు రంగు చీర తీయించింది. రత్నం విప్పుతూనే చూశాడు. కొంగు కింద ఒక పోగు తప్పింది.

“తప్పేం లేదు కదా నాయనా?” అందావిడ.

శ్రీరంగప్ప గట్టిగా దగ్గాడు. పనీ పోతుంది, ఈ పిల్లా పోతుంది. అయినా రత్నం నోరు తెరిచాడు.

“ఉండాదమ్మా.”

ఆ మాటన్నది అతను కాదు. కదిరమ్మ లేచి వచ్చి కొంగు కింద వేలు పెట్టింది. “ఈడ ఒక పోగు తప్పింది. నేసింది నేనే. పట్టు మాత్రం అసలైందే.”

ఆవిడ చీరనూ పిల్లనూ మార్చి మార్చి చూసి నవ్వింది. “తప్పు నీ నోటితోనే చెప్తివి. ఇంక పట్టు మాట నమ్మొచ్చులే. కొంచెం తగ్గించి ఇయ్యండి. ఇంకో రెండు చీరలు కూడా ఈ పిల్లనే తియ్యనీ.”

శ్రీరంగప్ప దగ్గు ఠక్కున తగ్గిపోయింది.

కదిరమ్మ మరిచిపోయిన మూటగుడ్డ ఇచ్చే వంకతో రత్నం బస్టాండుదాకా పరిగెత్తాడు.

“నువ్వెందుకు చెప్పినావు?”

“నేను చెప్పకుంటే నువ్వు చెప్పేవాడివే కదా. నీ పని పోతే గురువారాలు నేను యాడికి రావాల?”

బస్సు హారన్ కొట్టింది. ఆమె మెట్టెక్కి వెనక్కి తిరిగింది.

“సూటిగా అడుగుతాండా. నేనంటే ఇష్టమా?”

వారం రోజుల ఉపన్యాసంలో ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

“అవును.”

“అంతేనా?”

“అంతే.”

“మాది మగ్గం ఇల్లు, మీది చర్చి. మా నాయన తిడతాడు. ఆదివారం వచ్చి తిట్లు తింటావా?”

“ప్రార్థన అయినాక వస్తా.”

బస్సు కదిలింది. పైన మబ్బు ఆ రోజూ మాట తప్పి గుత్తి వైపు పోయింది. రత్నం దాన్ని చూడనేలేదు. కిటికీలోంచి కదిరమ్మ తల బయటపెట్టి, బస్టాండంతా వినేటట్టు కేకేసింది.

“నాదీ అవునే!”