విన్నది విన్నట్టు

"పేషెంటును అప్పగించడమంటే పార్సిల్ పడేసి పోవడం కాదు, బ్రదర్."

వాళ్ల పరిచయం ఆ మాటతో మొదలైంది. అతను ఆపరేషన్ థియేటర్ నర్సు, ఆమె పై అంతస్తులో వార్డు నర్సు. ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన్ని స్ట్రెచర్ మీద తెచ్చి, నాలుగు ముక్కలు గబగబా చెప్పి వెళ్లిపోబోతుంటే గుమ్మంలోనే ఆపేసింది.

"అన్నీ చెప్పాను కదా, సిస్టర్."

"నేను తిరిగి చెప్తాను. సరిపోయిందో లేదో విని అప్పుడు వెళ్లండి."

విన్నది విన్నట్టు తిరిగి చెప్పడం ఆ వార్డు పద్ధతి. అతనికి ఒళ్లు మండింది. కిందికెళ్లి, అందరూ పెద్దక్క అని పిలిచే థియేటర్ హెడ్ నర్సు దగ్గర లబోదిబోమన్నాడు.

"ఆ పిల్ల నిన్ను ఆపితే మంచిదేలే. నీ నోటికి బ్రేకుల్లేవు" అందావిడ.

కొన్నాళ్లకు ఆ మాటే నిజమైంది. ఒకామెను అప్పగిస్తూ, ఫలానా యాంటీబయాటిక్ ఆమెకు పడదు అనబోయి, తొందరలో "పడుతుంది" అనేశాడు.

"పడుతుంది" అని తిరిగి చెప్పిందామె.

తన తప్పు అప్పుడు వినిపించిందతనికి. "కాదు, పడదు. పడదు, సిస్టర్."

"పడదు" అని పేషెంటు చేతికి అలర్జీ గుర్తుగా ఎర్ర పట్టీ కట్టింది. ఎవరికీ చెప్పి యాగీ చెయ్యలేదు. ఒక్క మాట దెప్పలేదు. మందు పడదు సరే, మనిషి మాత్రం అక్కడికక్కడే పడిపోయాడు.

ఆ రోజు నుంచి వార్డుకు ఎవరిని తీసుకెళ్లాలన్నా అతనే ముందు. చెప్పాల్సింది మాత్రం నోట్లోనే ఉండిపోయేది.

"రేపట్నుంచి ఆ అమ్మాయి కొత్త బిల్డింగు ఐసీయూలో. అక్కడికి మన పేషెంట్లు వెళ్లరు" అంది ఒకరోజు పెద్దక్క, గ్లౌజులు విప్పుతూ. "ఈ పేషెంటును నేను తీసుకెళ్లనా?"

"వద్దక్కా. నేనే వెళ్తాను."

బయట వాన దంచి కొడుతోంది. పేషెంటును మంచం మీదికి చేర్చాక ఇద్దరూ డెస్కు దగ్గరికొచ్చారు. అతను ఒక్కొక్కటే నిదానంగా చెప్పాడు. ఆమె రాసుకుంటూ తిరిగి చెప్పింది.

"ఇంకోటుంది" అన్నాడు.

"చెప్పండి."

"మీరంటే నాకిష్టం."

"మీరంటే నాకిష్టం" అంది ఆమె, తలెత్తకుండానే.

పెన్ను ఆగిపోయింది. ఆమె ముఖం చెవుల దాకా ఎరుపెక్కింది.

అతనికి ఆశా, అనుమానమూ ఒకేసారి కలిగాయి. "అలవాటు కొద్దీ అన్నారా?"

"మొదటి మాట అలవాటే." పెన్ను పక్కన పెట్టి, ఈసారి అతని కళ్లలోకి చూస్తూ నెమ్మదిగా అంది: "మీరంటే నాకిష్టం. సరిపోయిందా?"

"సరిపోయింది, సిస్టర్."

"ఆ చివరి మాట సరిపోలేదు. అది తీసేసి మళ్లీ చెప్పండి."