దుంగ అన్నాడు బావ

అండమాన్‌లోని హోప్ టౌన్ ఒడ్డున ఆ పొద్దున సముద్రం చెరువులా ఉంది. జోగులు డింగీ పడవ వెనక కూర్చుని, ఒడ్డు మీది కొబ్బరి చెట్లు చూసుకుంటూ మురిసిపోతున్నాడు. ఒక్కో ఆకూ విడివిడిగా కనిపిస్తోంది మరి! రెండు నెలల కిందటి దాకా కళ్లజోడు తీస్తే చెట్టుకీ మనిషికీ తేడా తెలిసేది కాదు. విశాఖపట్నం వెళ్లి లేజర్ ఆపరేషన్ చేయించుకున్నాడు. కంట్లో చుక్కల మందు వేసి, మెరిసే దీపం వైపు చూడమన్నారు. కాసేపట్లో అయిపోయింది. మర్నాడు గోడ గడియారంలో టైము చదివి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. డాక్టరు చెప్పిన గడువు దాటాక ఇవాళే మొదటిసారి వేటకి బయల్దేరాడు.

ఆపరేషన్ వద్దన్నది బావ పోలిరాజు ఒక్కడే. "కళ్లు కాల్చుకుంటావేటిరా? సూడ్డానికి నేనున్నాను కదా" అన్నాడు.

నిజమే, పదేళ్లుగా జోగులుకి కళ్లు బావే. ఉప్పు తుంపర పడితే కళ్లజోడు ఎందుకూ కొరగాదు. అందుకే జోగులు చుక్కాని పట్టేవాడు, బావ ముందు కూర్చుని దారి చెప్పేవాడు. ముందువాడు 'దుంగ' అంటే వెనకవాడు మారుమాట లేకుండా పక్కకి తిప్పెయ్యాలి. కొట్టుకొచ్చే దుంగ తగిలితే పడవ చీలిపోతుంది.

రెండేళ్ల కిందట గాలివానలోనూ అలాగే తిప్పాడు. ఒక్క అల తమ్ముడు మల్లేశునీ, తన కళ్లజోడునీ ఊడ్చుకుపోయింది. నీళ్లలో నల్లగా ఏదో కదిలితే "తమ్ముడా బావా?" అని అరిచాడు. "దుంగరా! తిప్పు!" అన్నాడు బావ. తిప్పేశాడు. మల్లేశు శవం కూడా దొరకలేదు.

ఇప్పుడు పడవ ఆ చోటికే వచ్చింది. ఎండ కాస్తూనే ఉంది. గాలి ఆగిపోయింది. నానిన బట్టలు కుళ్లిన వాసన... ఎవరో నీళ్లు చరుస్తున్న చప్పుడు... చప్... చప్...

"దుంగ" అన్నాడు ముందు కూర్చున్న పోలిరాజు మెల్లగా. "తిప్పెయ్యి."

జోగులు చూశాడు. చెయ్యి. పైకెత్తిన చెయ్యి. దాని కింద పసుపు చొక్కా... మల్లేశు చొక్కా.

"దుంగ కాదు బావా."

పోలిరాజు వెనక్కి తిరిగాడు. అతని కళ్లు గట్టిగా మూసుకునే ఉన్నాయి.

"అప్పుడూ కాదు కదా? సచ్ బోల్ బావా, నిజం సెప్పు."

"దగ్గరికెల్తే పడవ తిరగబడేదిరా... ముగ్గురం పోయేవోళ్లం."

"మరి నాకెందుకు సెప్పలేదు? నా సేత్తోనే తిప్పించేవు!"

భయపడ్డందుకైతే జోగులు బావని క్షమించేవాడేమో. కానీ అతను తన చూపులేనితనాన్ని వాడుకున్నాడు. రెండేళ్లు తన పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు, అమ్మ కన్నీళ్లు తుడిచాడు.

జోగులు పడవని ఆ చెయ్యి వైపు తిప్పాడు. చెయ్యి మెల్లగా మునిగిపోయింది. అక్కడ ఉత్త నీళ్లే.

కాలికి ఏదో తగిలింది. పడవ అడుగున... అప్పుడు పోయిన కళ్లజోడు. విరిగిన కాడకి తను చుట్టిన నీలం వలదారం అలాగే ఉంది. తీసి పెట్టుకున్నాడు. బాగుపడిన చూపుకి ఆ అద్దాల్లోంచి అంతా మసకగా ఉండాలి.

స్పష్టంగా కనిపించింది. గడ్డం దాకా నీళ్లు. ఎదురుగా పడవ. వెనక చుక్కాని పట్టుకుని తను. ముందు, నీళ్లలో ఉన్న తన కళ్లలోకే సూటిగా చూస్తూ బావ.

కళ్లజోడు తీసెయ్యాలని చెయ్యెత్తాడు. పసుపు చొక్కా తొడిగిన చెయ్యి నీళ్లని చరిచింది. చప్... చప్...

"తమ్ముడా బావా?" పడవలోంచి తన గొంతే.

"దుంగరా" అన్నాడు బావ.