చలికాలాన్ని కాల్చే ఊరు

చచ్చిపోయినవాడి ముఖం పళ్ళికిలించి నవ్వుతోంది. ఆ నవ్వు కొయ్య ముసుగుది.

హాలోరన్ ఆ ఫొటోని బల్ల మీదుగా దేవకుమార్ వైపు తోశాడు.

"మన కొరియర్. రెండు వారాల క్రితం డెన్వర్‌లో ఒక పార్కింగ్ లాట్‌లో దొరికాడు. ఒకే బుల్లెట్. చంపాక హెచ్చరికగా ఇది తగిలించి పోయారు."

"ఎక్కడిదీ ముసుగు?"

"సెయింట్ వెరీనా. కొలరాడో కొండల్లో చిన్న ఊరు. వందేళ్ళ క్రితం ఆల్ప్స్ నుంచి వలస వచ్చినవాళ్ళు కట్టుకున్నారు. ఇళ్ళు, పాటలు, పండుగలు అన్నీ అక్కడివే. ఒక మ్యూజియం కూడా ఉంది. ఈ ముసుగు ఆ మ్యూజియం నుంచే పోయింది."

అది 1983 మార్చి నెల. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఫర్నిచర్ షాపు మీది అంతస్తులో సెక్షన్ నైన్ అనే గూఢచారి విభాగం ఆఫీసు. అందులో దేవకుమార్ పనిచేస్తున్న సంగతి ఈ దేశంలో పదకొండు మందికి తెలుసు. సన్నీవేల్‌లో ఆదివారం మధ్యాహ్నాలు అద్దె హాల్లో జరిగే తెలుగు చర్చికి వచ్చే నలభై మందికి మాత్రం అతను ఫొటోకాపీ మెషీన్ల సేల్స్‌మన్. పాటలు బాగా పాడతాడు. పెళ్ళి కాలేదు పాపం అని అందరూ భోజనానికి పిలుస్తారు.

హాలోరన్ రెండో ఫొటో తీశాడు. చూడకముందే దేవకుమార్‌కి తెలిసిపోయింది.

"సుందర్ రాజ్. శాటిలైట్ గైడెన్స్ ఇంజనీర్. శుక్రవారానికి డెన్వర్ ఫ్లైట్ బుక్ చేశాడు. భార్యతో సహా. రెండేళ్ళుగా నువ్వు ఎదురుచూస్తున్నది ఇదే, దేవ్."

నిజమే. రెండేళ్ళుగా వాళ్ళింట్లో చేపల పులుసు తింటూ ఎదురుచూసింది దీనికే. అయినా ఎక్కడో లోపల, ఆ అనుమానం తప్పని తేలితే బాగుండునని ఒక ఆశ ఉండేది. అది ఇప్పుడు పోయింది.

"ఆర్డర్స్ సింపుల్. అతను దొంగిలించిన డ్రాయింగుల మైక్రోఫిల్మ్ ఎటు పోతే నువ్వూ అటు పో. కొనేవాడు కావాలి నాకు. ఎవరు ఎక్కువిస్తే వాళ్ళకి రహస్యాలు అమ్మే ముఠా ఇది. మ్యూజియం క్యూరేటర్ గ్రెటా వాళ్ళ మనిషి, మన మనిషి కూడా. ఆమెని 'ఈ గంట ఏ ఆవుది?' అని అడుగు. 'ముందు నడిచే ఆవుది' అంటుంది."

"మరి సుందర్ రాజ్ సంగతి?"

హాలోరన్ సిగరెట్ వెలిగించుకున్నాడు.

* * *

శనివారం పొద్దున పదకొండున్నర దాటాక, జానపద కళల ప్రొఫెసర్ ఫెర్నాండో సెయింట్ వెరీనా మ్యూజియంలో అడుగుపెట్టాడు. నెరిసిన గడ్డం, చేతికర్ర. చెవిలో హియరింగ్ ఎయిడ్, అది రిసీవర్. టై పిన్‌లో మైక్. ఊరి చివర వ్యాన్‌లో హాలోరన్.

లోపల పాత కొయ్య వాసన. గోడల నిండా ఆవుల మెడగంటలు, వెన్న అచ్చులు, పూలు చెక్కిన భోషాణాలు, మనిషికి రెండింతల పొడవు కొయ్య బూరలు. ఒక పెద్దమనిషి మెడలో కెమెరాతో వెన్న అచ్చులనే పదే పదే ఫొటోలు తీస్తున్నాడు. ఆ పక్క గదంతా ముసుగులు. కొమ్ములున్నవి, కోరలున్నవి, మేకజుట్టు గడ్డాలున్నవి. మార్చి నెలలో ఈ ఊరి మగాళ్ళు అవి తగిలించుకుని, నడుముకి గంటలు కట్టుకుని వీధుల్లో గంతులేస్తూ చలికాలాన్ని తరిమేస్తారు.

"ఈ గంట ఏ ఆవుది?" అన్నాడు దేవకుమార్.

"ముందు నడిచే ఆవుది."

గ్రెటా వయసు నలభై అంటే చూసినవాళ్ళు ఎవరూ నమ్మరు. ఎర్ర ఎంబ్రాయిడరీ చేసిన నల్ల గౌను, నడుముకి తాళాల గుత్తి. నవ్వు పెదవుల మీదే ఆగింది, కళ్ళ దాకా రాలేదు. ఆమె ఇంకేదో చెప్పబోతుండగా వెనక నుంచి తెలుగు వినిపించింది.

"అన్నయ్యా! ఆ గడ్డమేంటి?"

విమలకుమారి. సుందర్ రాజ్ భార్య. రంగు వేసినా, కర్ర పట్టినా, నడక చూసి పట్టేసింది.

కెమెరా పెద్దమనిషి ఇటు తిరిగాడు. దేవకుమార్ ప్రొఫెసర్ నవ్వు చెదరనివ్వకుండా తెలుగులోనే అన్నాడు. "అమ్మా, నవ్వుతూ ఉండండి. నన్ను దారి అడుగుతున్నట్టు మాట్లాడండి. సుందర్ రాజ్ గారెక్కడ?"

ఆమె నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళు నిండిపోయాయి.

"మీరు పోలీసా అన్నయ్యా?"

"అలాంటిదే."

"దేవుడే పంపాడు. డబ్బు కోసం కాదన్నయ్యా. మా మరిది తూర్పు యూరప్‌లో మెడిసిన్ చదువుతున్నాడు కదా, వాణ్ణి ఏదో కేసులో ఇరికించి పట్టుకున్నారు. ఈయన పని చేసి పెడితే వదులుతామన్నారు. రాత్రిళ్ళు నిద్ర లేదు ఈయనకి. ఇవాళ్టితో అయిపోతుందన్నారు."

"ఇవాళ ఏం చేయమన్నారు?"

"ఏదో పెద్ద ముసుగు ఇచ్చారు. ప్రతి ఏడూ ఒక గెస్ట్‌కి ఆ వేషం ఇస్తారట, ఆనర్‌ట. ఫిల్మ్ దాని గడ్డంలో పెట్టమన్నారు. ఇప్పుడే ఈయనకి తగిలించి తీసుకుపోయారు. చలికాలం వేషమంట."

గ్రెటాకి తెలుగు రాదు. కానీ దేవకుమార్ ముఖం చదవడం వచ్చు. విమలకుమారిని పక్కన బల్ల మీద కూర్చోమని, అతన్ని కిటికీ దగ్గరకి లాగింది. బయట చౌరస్తాలో మంచు ఇంకా కరగలేదు. ఆరుగురు రైతులు పాతకాలపు తుపాకులు భుజాన వేసుకుని నిలబడ్డారు.

"పన్నెండింటికి చర్చి గంట మోగగానే వాళ్ళు చలికాలాన్ని కాలుస్తారు," అంది గ్రెటా. "ఉత్త మందు మాత్రమే కూరతారు, గుండు ఉండదు. చలికాలం పడిపోతుంది, జనం చప్పట్లు కొడతారు. తొంభై ఏళ్ళ ఆచారం. ఈసారి ఒక తుపాకీలో గుండు ఉంది."

"ఎవరి తుపాకీలో?"

"రుడాల్ఫ్‌కి తప్ప ఎవరికీ తెలీదు. కాల్చేవాడికి కూడా." రుడాల్ఫ్ అంటే పండుగ కమిటీ పెద్ద. ముఠాకి ఇక్కడి నాయకుడూ అతనే. "చలికాలం పడ్డాక ముసుగు తీసి మ్యూజియంలోకి తేవడం అతని పని. కొనేవాడు ఇక్కడే తీసుకుంటాడు." కళ్ళతోనే కెమెరా పెద్దమనిషిని చూపించింది.

"ఇది ముందే ఎందుకు చెప్పలేదు?"

"నిన్ననే చెప్పాను. మీ ఆఫీస్‌కి."

దేవకుమార్ టై పిన్ దగ్గరకి తల వంచాడు. "సర్, తుపాకీలో గుండు ఉంది. మీకు తెలుసా?"

చెవిలో కాసేపు గరగర. తర్వాత హాలోరన్ గొంతు. "ఫిల్మ్ వెంట ఉండు, దేవ్. ఊరేగింపు ఆపితే రుడాల్ఫ్ తప్పించుకుంటాడు, కొనేవాడూ తప్పించుకుంటాడు. ఇది ఆర్డర్."

పన్నెండుకి ఇంకా ఆరు నిమిషాలుంది. దేవకుమార్ హియరింగ్ ఎయిడ్ పీకి జేబులో వేసుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. రెండేళ్ళు తిన్న ఉప్పు ఒకవైపు, ఒట్టేసిన ఉద్యోగం ఇంకోవైపు. బల్ల మీద విమలకుమారి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది.

అతను బయటికి పరుగెత్తాడు.

చౌరస్తా కిక్కిరిసి ఉంది. వందల గంటల మోతకి పక్కవాడి మాట వినబడటం లేదు. కొమ్ముల ముసుగులు గంతులేస్తున్నాయి. నడుమ గడ్డితో అల్లిన కోటు వేసుకుని, కొమ్ములున్న పెద్ద కొయ్య ముఖంతో, బెరుకుగా అడుగులేస్తూ చలికాలం. ఆ బెరుకు దేవకుమార్‌కి తెలుసు. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడూ సుందర్ రాజ్ అలాగే నడుస్తాడు.

జనాన్ని తోసుకుంటూ ముందుకి వెళ్ళాడు. ఇంకా ముప్ఫై అడుగుల దూరం. రుడాల్ఫ్ చెయ్యి పైకెత్తాడు. గంటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆరు తుపాకులు లేచాయి. ఎక్కడో పసిపిల్ల ఏడుపు తప్ప చప్పుడు లేదు.

చేరుకోలేడు. ఆపితే సుందర్ రాజ్ ఇవాళ బతుకుతాడు, అక్కడ వాళ్ళ తమ్ముడు చస్తాడు. గుండు తగలకూడదు. తగిలిందని రుడాల్ఫ్ నమ్మాలి.

చర్చి గంట మొదటి దెబ్బ కొట్టింది.

"సుందరూ! పడిపో! కదలకు!"

రెండేళ్ళలో ఒక్కసారి కూడా 'గారు' లేకుండా పిలవని మనిషిని అలా పిలిచాడు. ఆ మాట చౌరస్తాలో ఇద్దరికే అర్థమవుతుంది. మిగతావాళ్ళకి ప్రొఫెసర్‌గారి హుషారు.

గడ్డి కోటు కుప్పకూలింది. ఆ వెంటే ఆరు తుపాకులూ పేలాయి. పొగ. ముసుగు కొమ్ము ఒకటి ముక్కలై మంచులో పడింది. ముందు ఏం జరిగిందో వెనక ఏం జరిగిందో పొగలో ఎవరికీ తెలియలేదు. జనం విరగబడి చప్పట్లు కొట్టారు.

రుడాల్ఫ్ వంగి ముసుగు ఊడదీశాడు. సుందర్ రాజ్ కదల్లేదు. రెప్ప కూడా వేయలేదు. రుడాల్ఫ్ తృప్తిగా తలాడించి, ముసుగు చంకన పెట్టుకుని మ్యూజియంలోకి నడిచాడు. కెమెరా పెద్దమనిషి లోపలే ఉన్నాడు.

దేవకుమార్ మెట్లెక్కేసరికి గ్రెటా విమలకుమారి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చింది. వెనక్కి తిరిగి పెద్ద కొయ్య తలుపు మూసి, గుత్తిలోంచి పొడుగాటి తాళంచెవి తీసి తిప్పింది. లోపల నుంచి దబదబా బాదుతున్నారు.

ఆమె తాళంచెవి అతని అరచేతిలో పెట్టింది. "ఇవాళ్టికి నేను మీ వైపు."

* * *

లోపలున్న ఇద్దర్నీ ముప్ఫై గంటలపాటు ప్రశ్నించారు. పన్నెండు పేర్లు బయటపడ్డాయి. తూర్పు యూరప్‌లో బందీగా ఉన్న మెడికల్ స్టూడెంట్‌ని దేశం దాటించేదాకా రిపోర్ట్ మీద సంతకం పెట్టనని దేవకుమార్ మొండికేశాడు. తొమ్మిది రోజులు పట్టింది. సుందర్ రాజ్ నేరం ఒప్పుకున్నాడు. నాలుగేళ్ళ శిక్ష.

కోర్టు వరండాలో విమలకుమారి ఎదురుపడింది.

"ఆయన్ని బతికించారు. అది మర్చిపోను," అంది. ఆగి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ మళ్ళీ అంది. "మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడల్లా... మీరు ప్రార్థన చేసేవారు కదా. అది కూడా డ్యూటీయేనా?"

ఈసారి ఆమె అన్నయ్యా అనలేదు.

నెల తర్వాత హాలోరన్ పిలిచాడు. ఆర్డర్ ధిక్కరించినందుకు ఒక మెమో ఇచ్చాడు. దాంతోపాటు ఇంకో కాగితం. సెయింట్ వెరీనా కొత్త పండుగ కమిటీ గ్రెటా ద్వారా పంపిన ఉత్తరం. తొంభై ఏళ్ళలో చలికాలం ఇంత సహజంగా పడిపోవడం చూడలేదని, వచ్చే మార్చికి కూడా దయచేసి ఆ వేషం వేసిన పెద్దమనిషినే పంపాలని కోరారు.

"ఏం రాయమంటావ్?" అన్నాడు హాలోరన్.

దేవకుమార్ మెమో మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాలుగు చలికాలాలు ఆగమని రాయండి, సర్."